మత్సుషిరో కొండలో ఒక ఊరి పేరు

మన వాళ్ళలో నాగానో పేరు ఎవరైనా విని ఉంటే 1998 శీతాకాల ఒలింపిక్సు వల్లే విని ఉంటారు. ఆ ఫిబ్రవరిలో మన దేశం నుంచి వెళ్ళిన ఆటగాడు ఒకే ఒక్కడు, మనాలీ కుర్రాడు శివ కేశవన్. పదహారేళ్ళవాడు మంచుబాట మీద వెల్లకిలా పడుకుని జారే ల్యూజ్ పందెంలో 28వ వాడుగా వచ్చాడు.

నేను ఆటల కోసం వెళ్ళలేదు. నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, “కొండలు, మంచు, ఉడుకునీళ్ళ బుగ్గలు చూద్దువుగాని రా నాన్నా” అంటే బరంపురం నుంచి బయల్దేరాను. టోక్యో నుంచి బుల్లెట్ రైల్లో గంటన్నర. ఒలింపిక్సు ప్రారంభంలో గంట మోగిన జెంకోజీ బౌద్ధాలయం చూశాం. మర్నాడు మత్సుషిరోకి బస్సెక్కాం. ఊరు చిన్నదే. 1966 నుంచి నాగానో నగరంలో కలిసిపోయింది.

అక్కడ జోజాన్ అనే కొండ ఉంది. పేరుకి అర్థం ఏనుగు కొండ. దాని మొదట్లో ఒక సొరంగం. తలకి హెల్మెట్టు ఇచ్చి పంపుతారు, టిక్కెట్టు లేదు. లోపల అర కిలోమీటరు నడవవచ్చు. తవ్విందంతా మూడు కొండల కింద కలిపి సుమారు 10 కిలోమీటర్లు. యుద్ధంలో ఓటమి దగ్గరపడ్డప్పుడు చక్రవర్తినీ, సైన్య ప్రధాన కార్యాలయాన్నీ, ప్రభుత్వ శాఖలనీ, రేడియోనీ టోక్యో నుంచి ఇక్కడికి తరలించాలనుకున్నారు. గట్టి రాయి, సముద్రానికి దూరం, చుట్టూ కొండలు. ఇంకో కారణం కూడా చెబుతారు. ఈ ప్రాంతం పాత పేరు షిన్షూ. దేవభూమి అనే మాటనీ అదే ఉచ్చారణతో పలుకుతారట. శ్లేషని నమ్ముకుని రాజధానిని కదపబోయారన్న మాట!

1944 నవంబరు 11న మొదటి మందుపాతర పేల్చారు. రహస్యం బయటపడకుండా దీన్ని ‘మత్సుషిరో గోదాము’ పని అన్నారు. 1945 ఆగస్టు 15న జపాను లొంగిపోయేనాటికి ముప్పాతిక వంతు అయిపోయింది. చక్రవర్తి ఒక్క రోజైనా ఇక్కడ ఉండలేదు. ఆయన కోసం కట్టిన చోటు తర్వాత భూకంపాల పరిశోధనకి పనికొచ్చింది. 1965 నుంచి అయిదేళ్ళలో ఈ ఊరు తెలిసేటట్టుగా 60 వేలకు పైగా సార్లు కంపించిందట, పక్కనే పరికరాలు ఉండబట్టి ఆ లెక్క దక్కింది.

భూమి కంపించిన లెక్క ఉంది గాని, తవ్విన మనుషుల లెక్క లేదు. ఆరేడు వేల మంది కొరియన్లు పనిచేశారని అంచనా. చచ్చిపోయిన వాళ్ళెందరో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. పని ఆగిపోయాక కాగితాలు తగలబెట్టారు. ఈ సంగతి మరుగున పడిపోకుండా చూసింది ఇక్కడి హైస్కూలు పిల్లలు. 1985లో ఒకినావా విహారయాత్రకి వెళ్ళి అక్కడి యుద్ధ గుహలు చూసి, మన ఊళ్ళోనూ ఉన్నాయి కదా అని ముసలివాళ్ళని అడగడం మొదలుపెట్టారు. నగర మేయరుకి అర్జీ పెట్టారు. 1989 నుంచి సొరంగం జనానికి తెరిచారు. 1995లో చనిపోయిన కొరియన్లకు స్మారక శిల వెలిసింది.

సొరంగం దగ్గర బోర్డు ఉంది. “ఏటి రాసుందిరా?” అన్నాను. మా వాడు చదివి చెప్పాడు. ఆ బోర్డుకీ ఒక కథ ఉంది. కొరియన్లని ‘బలవంతంగా’ తెచ్చారని పాత బోర్డులో ఉండేది. ఆ ఒక్క మాట మీద నగరపాలక సంస్థ టేపు అంటించిందని 2014లో పత్రికలకెక్కింది. తర్వాత పెట్టిన బోర్డులో, అందరినీ బలవంతంగానే తేలేదన్న అభిప్రాయాలు కూడా ఉన్నాయని చేర్చారు. బోర్డుల మీద మాటలు మారడం మనకి కొత్తేమీ కాదు గాని, ఒక మాటకింత బరువుంటుందని అక్కడ నిలబడితే గాని తెలీదు.

లోపల గోడల్లో ఇరుక్కుపోయిన డ్రిల్లు ఊచలు అలాగే ఉన్నాయి. మనల్ని వెళ్ళనివ్వని ఒక చోట రాతి మీద ‘తేగు’ అనే అక్షరాలున్నాయట, ఫొటో పెట్టారు. అది కొరియాలో ఒక ఊరు. తేగువాడెవడో పనిలో కాస్త తీరిక దొరికితే రాసుకున్నాడు. బడుల్లోంచి కొరియా భాషని తోసేసి, 1940లో వాళ్ళ చేత జపాను పేర్లు పెట్టించిన ప్రభుత్వం అది. తన పేరు రాయలేదు, ఊరి పేరు రాశాడు.

మా తాత రంగూను రేవులో మూటలు మోసినవాడు. 1942లో జపాను విమానాలు బాంబులు వేస్తే, వేలాది తెలుగువాళ్ళతోపాటు అడవుల్లోంచి నడిచి వచ్చాడు. ఆ ఏప్రిల్లోనే విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. దారిలో పోయినవాళ్ళ గురించి ఆయన రాత్రిళ్ళు చెప్పేవాడు.

సాయంత్రం మత్సుషిరోలోనే ఒక బుగ్గ దగ్గర స్నానం చేశాం. నీళ్ళు ఇనుపతుప్పు రంగులో ఉంటాయి, తువ్వాలుకి పట్టుకుంటే వదలదు. మా తప్తపాణి నీళ్ళలో గంధకం వాసన, ఇక్కడ ఇనుము వాసన. పీకల దాకా నీళ్ళలో కూర్చుని మా వాడు అడిగాడు, “తాత రంగూన్లో ఏ పేటలో ఉండేవాడు నాన్నా?”

“చెప్పేవాడురా. నేను రాసుకోలేదు” అన్నాను.