మాంట్‌గోమరీలో నడిచినవారు

కాళ్ళు నొప్పులు పుట్టి రోజా పార్క్స్ సీటు వదలలేదనే కథ నాకెన్నడూ రుచించలేదు. 1955 డిసెంబరు 1న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో, తెల్లవాడి కోసం బస్సులో లేవనని అరెస్టయిన ఈ కుట్టుపనిమనిషి నల్లజాతి హక్కుల సంఘం స్థానిక శాఖకు కార్యదర్శిగా ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆ వేసవిలోనే టెనెసీలోని హైలాండర్ పాఠశాలలో శిక్షణ పొంది వచ్చింది. ఆమెను జామీనుపై విడిపించిన ఇ.డి. నిక్సన్ రైలు పోర్టర్ల యూనియన్ నాయకుడు. ఆ రాత్రికి రాత్రే వేలకొద్దీ కరపత్రాలు సైక్లోస్టైలు తీసిన జో ఆన్ రాబిన్సన్ కాలేజీ అధ్యాపకురాలు. (మన ఉపాధ్యాయ మిత్రులు గమనింతురు గాక!)

డిసెంబరు 5 నుంచి బస్సులు ఖాళీగా తిరిగాయి. ప్రయాణికుల్లో దాదాపు ముప్పాతిక వంతు నల్లవారే మరి! తెల్లవారి ఇళ్ళలో వంటలు వండే, బట్టలుతికే స్త్రీలు 381 రోజులు బస్సెక్కలేదు; నడిచారు, లేదా ఉద్యమం సమకూర్చిన కార్లలో వెళ్ళారు. చిత్రమేమంటే, వారు మొదట అడిగింది వేర్పాటు రద్దు కానే కాదు. డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి, ముందెక్కినవారిని లేపరాదు, నల్లవారి పేటలకు నల్ల డ్రైవర్లుండాలి: ఇంతే. పాలకులు ఆపాటి కూడా ఒప్పుకోలేదు. ఆ మొండితనమే పోరాటాన్ని వేర్పాటు చట్టం మీదికి మళ్ళించింది.

1956లో ఆ చట్టంపై కోర్టులో నిలబడ్డ నలుగురు స్త్రీలలో క్లాడెట్ కాల్విన్ ఒకతె. పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందు, పదిహేనేళ్ళ వయసులో, సీటు వదలక అరెస్టయిన పిల్ల. చిన్నది, పేదది, ఆపై గర్భవతి అని నాయకులు ఆమెను ముందుకు తేలేదు. నవంబరు 13న సుప్రీంకోర్టులో నెగ్గింది మాత్రం ఆమె సాక్ష్యం చెప్పిన దావాయే.