ఒక్క సరుకు కొట్లు

పోయిన చలికాలం ఓ ఆదివారం పొద్దున్నే ఫ్రెండ్ ఫోన్ చేసి, "పురానీ హవేలీ దగ్గర నాన్ తప్ప ఇంకేమీ అమ్మని కొట్టుంది, వస్తావా?" అన్నాడు. హైదరాబాద్‌కొచ్చి పన్నెండేళ్ళయింది నేను. మా ఆఫీసు వైపు ఒకే కప్పు కింద బియ్యం, బల్బులు, బనియన్లు అన్నీ దొరుకుతాయి. కూర లేదు, చాయ్ లేదు, వట్టి నాన్ అమ్మి ఒక కొట్టు ఎలా బతుకుతుంది? అది చూద్దామనే వెళ్ళాను.

దాని పేరు మున్షీ నాన్. 1851లో మొదలైందని చెప్తారు. పెట్టినాయన నిజాం కొలువులో మున్షీ, అంటే రాతకోతలు చూసే ఉద్యోగి. అందుకే ఆ పేరు. బావిలా లోతుగా ఉన్న తందూరు గోడకి నలుచదరపు పిండి బిళ్ళల్ని అతికించి, కాలాక ఇనప చువ్వలతో లాగుతున్నారు. కాగితంలో చుట్టిచ్చిన నాన్ పట్టుకుని నిలబడ్డాక విషయం అర్థమైంది. నహారీ, పాయా ఎవరింట్లోనైనా వండుకోవచ్చు. తందూరు ఇంటింటికీ పెట్టుకోలేరు కదా. కూర ఇంట్లో, రొట్టె కొట్లో. బస్తీ అంతా పని పంచుకుంటే వచ్చిన కొట్టు ఇది. మా భాషలో చెప్పాలంటే మైక్రోసర్వీస్.

పాతబస్తీ బజార్లన్నీ ఇలా పంచుకున్నవే. 1591లో చార్మినార్ కట్టినప్పుడే దాని చుట్టూ బజారు కూడా వేశారు. పడమరకి వెళ్తే లాడ్ బజార్, గాజులకి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరు సగం తుడిచిపెట్టుకుపోయాక, 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. పత్తర్‌గట్టీలో ఒకే తీరు రాతి కమానులతో కనిపించే దుకాణాల వరస ఆ బోర్డు కట్టించిందే. ఆ కమానుల కింద ఇప్పటికీ అత్తరు కొట్లున్నాయి. మట్టి అత్తరు అడిగి చూడండి. కాల్చిన మట్టి బిళ్ళల్ని నీళ్ళలో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టిస్తారు. అది కన్నౌజ్ పనితనం, ఇక్కడిది అమ్మకం. మణికట్టు మీద ఒక చుక్క రాస్తే తొలకరి వాసన.

కానీ నన్ను ఆపేసింది ఛత్తా బజార్. మున్షీగారి నాన్ కొట్టు నుంచి నడిచి వెళ్ళేంత దూరమే. మున్షీగారి అసలు వృత్తి రాత కదా, ఆ రాత కొట్లు ఇక్కడ ఉన్నాయి. సందంతా పెళ్ళికార్డులు, ప్రింటింగు ప్రెస్సులు, మధ్యమధ్యలో కాతిబులు. కాతిబు అంటే ఉర్దూ రాతను అందంగా రాసిపెట్టే లేఖకుడు.

ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపి అచ్చు అక్షరాలకి లొంగలేదు. పదం కుడివైపు పైన మొదలై ఎడమకి జారుతూ దిగుతుంది. పక్కన ఏ అక్షరం వస్తుందన్నదాన్ని బట్టి ప్రతి అక్షరమూ రూపం మార్చుకుంటుంది. గుణింతాలూ వొత్తులతో తెలుగు కంపోజిటర్లు పడ్డ పాట్లు మనకి తెలుసు కానీ, ఇది ఇంకో మెట్టు పైన. అందుకే కాతిబు చేత్తో రాస్తే దాన్ని రాయి మీదకెక్కించి అచ్చేసేవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో హైదరాబాద్ సర్కారు పారసీ వదిలి ఉర్దూకి మారింది. 1918లో ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. ఫర్మానాలు, పాఠ్యపుస్తకాలు, పత్రికలు. ఇంత రాత ఉన్న ఊళ్ళో కాతిబుకి పనికి కరువుండదు.

ఆ గిరాకీని రెండు దెబ్బలు తీశాయి. 1948 తర్వాత సర్కారు రాత ఉర్దూలోంచి జరిగిపోయింది. రెండోది మావాళ్ళు కొట్టింది. 1981లో పాకిస్తాన్‌లో మిర్జా అహ్మద్ జమీల్ 18,000కి పైగా అక్షరసంపుటాలు చేత్తో రాసి కంప్యూటర్‌కి ఎక్కించాడు. అదే నూరీ నస్తాలీఖ్. 1990ల్లో మనదేశంలోనే తయారైన ఇన్‌పేజ్ దాన్ని మామూలు కంప్యూటర్లలోకి తెచ్చింది. అక్కడితో పత్రికలకి కాతిబుల అవసరం తీరిపోయింది. ఇంజనీరుగా చూస్తే అద్భుతమైన పని. ఆ మాట వెనక్కి తీసుకోను. చేతిరాత రోజుల్లో అందరూ సుఖంగా బతికారని కూడా అనను. పేజీకింత అని లెక్కగట్టే కూలి అది.

ఒక కొట్లో పెద్దాయన వెదురు కలంతో పెళ్ళికూతురి పేరు రాస్తున్నాడు. దాన్ని స్కాన్ చేసి కార్డు మీద వేస్తారు. "కంప్యూటర్ ఉంది కదా, ఇంకా మీ దగ్గరికెందుకొస్తారు?" అని అడిగేశాను. అడిగాక సిగ్గేసింది. ఆయన తలెత్తకుండానే, "కంప్యూటర్‌ల అందరి పేర్లు ఒక్క తీరుగ వస్తయ్ సార్. పెండ్లి కార్డు మీద అట్లుంటే ఎట్ల?" అన్నాడు. ఒకప్పుడు పుస్తకాలకి పుస్తకాలే రాసిన కలానికి ఇప్పుడు మిగిలింది రెండు పేర్లు.

ఒక్క సరుకు కొట్టుకి బలమూ, గండమూ ఆ ఒక్క సరుకే. చార్మినార్ దగ్గర వెండి వర్ఖ్ కొట్టేవాళ్ళ సుత్తి దరువు ఒకప్పుడు దూరానికే వినపడేదట. వెండిని తోలు పొరల మధ్య పెట్టి కొట్టేవాళ్ళు. 2016లో ఆహార భద్రతా సంస్థ వర్ఖ్ తయారీలో జంతు సంబంధమైనది ఏదీ వాడొద్దంది. తినేవాళ్ళ వైపు నుంచి చూస్తే న్యాయమే. కానీ ఆ పొరలే పనిముట్టుగా బతికిన చేతులు ఒక్కసారిగా పాతబడ్డాయి. లాడ్ బజార్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే లక్కని నిప్పుల మీద మెత్తబరిచి, వేడి ఆరేలోపు ఒక్కో రాయీ అద్దే మనిషి కూచునేది వెనక సందులో. మనం బేరమాడేది ముందు షాపులో. గుర్తింపు వెనక సందు దాకా వెళ్తుందా అన్నదే అసలు ప్రశ్న.

ఇదంతా నాకెందుకు పట్టిందో చెప్పాలి. మా బాబాయి నల్గొండలో బోర్డులు రాసేవాడు. బడి గోడలు, కిరాణా కొట్లు, లారీ వెనక అక్షరాలు. ఫ్లెక్సీలొచ్చాక రెండేళ్ళలో కొట్టు మూసేసి జిరాక్స్ మిషను పెట్టుకున్నాడు. ఆ ఏడే నేను ఇంజనీరింగ్‌లో చేరాను. నా మొదటి కంప్యూటర్‌కి డబ్బులిచ్చింది కూడా ఆయనే. అప్పుడు ఈ రెండు విషయాల్నీ నేను కలిపి చూడలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి, చల్లారిన నాన్ పెనం మీద వేడి చేసుకుంటూ బాబాయికి ఫోన్ చేశాను. మా ఫ్లాట్ తలుపు మీద పేరు రాసిస్తావా అని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "తలుపు ఏం కట్టెరా? రంగు పట్టాలె గదా" అన్నాడు.