మొదటి అధ్యక్షుడు వేసిన బాట

అమెరికా సంయుక్త రాష్ట్రాల మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్. 1789 ఏప్రిల్ 30న న్యూయార్కులోని ఫెడరల్ హాలు మేడ వరండాలో బైబిలు మీద చేయి ఉంచి ఆయన ప్రమాణం చేశారు. తరువాత అమెరికా కాంగ్రెస్ సభ్యులతో కలిసి సెయింట్ పాల్స్ చాపెల్‌కు ప్రార్థనకు వెళ్లారు. అధ్యక్షుడు ఎలా ఉండాలో రాజ్యాంగంలో రాసింది కొద్దే. మిగిలినదంతా ఆయన నడవడి నుంచే వచ్చింది.

మొదటి ప్రశ్న పిలుపు గురించి వచ్చింది. రాజులకు తగినట్లు పెద్ద బిరుదు ఉండాలని సెనేట్‌లో కొందరు పట్టుబట్టారు. చివరకు 'మిస్టర్ ప్రెసిడెంట్' అనే మామూలు పిలుపే నిలిచింది. నేటికీ అదే. శాఖల అధిపతులను ఒకచోట కూర్చోబెట్టి సలహా అడగడం కూడా ఆయనతోనే మొదలైంది. జెఫర్సన్, హామిల్టన్ ఒకరికొకరు పొసగనివారు. అయినా ఇద్దరి మాటా విన్నారు. ఈనాటి కేబినెట్‌కు మూలం అదే.

1789 నవంబరు 26ను దేవునికి కృతజ్ఞతలు చెల్లించే దినంగా ప్రకటించారు. మరుసటి ఏడు న్యూపోర్టులోని యూదుల సమాజానికి రాసిన ఉత్తరంలో, ఆరాధనా స్వేచ్ఛ ఒకరు దయతో ఇచ్చేది కాదనీ, అది అందరికీ పుట్టుకతో ఉన్న హక్కనీ తెలియజేశారు. అల్పసంఖ్యాకులుగా జీవిస్తున్న మనకు ఈ మాట విలువ బాగా తెలుసు.

అన్నిటికంటే పెద్ద బాట ఆయన వెళ్లిపోవడంలో ఉంది. రెండుసార్లూ ఎలక్టర్లందరూ ఆయనకే ఓటు వేశారు. కోరుకుంటే బ్రతికినంతకాలం ఆ పదవిలో ఉండేవారే. కాని 1796లో వీడ్కోలు సందేశం ప్రచురించి, 1797 మార్చి 4న జాన్ ఆడమ్స్‌కు బాధ్యత అప్పగించి ఇంటికి వెళ్లారు. ఏ చట్టమూ ఆయనను ఆపలేదు. ఆ ఆనవాయితీ 1940లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మూడోసారి గెలిచేవరకు నిలిచింది. 1951లో అదే రాజ్యాంగ సవరణ అయింది.

ఆయన జీవితంలో ఒక చీకటి కోణమూ ఉంది. స్వేచ్ఛ గురించి మాట్లాడిన ఆయన ఇంట్లో బానిసలు ఉన్నారు. అధ్యక్షుడిగా ఉండగానే, ఆ ఇంటి నుంచి పారిపోయిన ఓనా జడ్జ్ అనే యువతిని వెనక్కి రప్పించాలని ప్రయత్నించారు. తన సొంత బానిసలను తన భార్య మరణం తరువాత విడిచిపెట్టాలని వీలునామాలో రాశారు. బ్రతికి ఉండగా ఆ పని చేయలేదు.

మనకు గిద్యోను జ్ఞాపకం వస్తున్నాడు. ప్రజలు ఏలుబడి ఇస్తామంటే, మిమ్మును ఏలవలసినవాడు యెహోవాయే అన్నట్లు నిరాకరించాడు. అదే గిద్యోను చేయించిన ఏఫోదు తరువాత అతనికీ అతని ఇంటివారికీ ఉరి అయింది. మొదటివారి మంచీ చెడూ రెండూ వెనుకవారికి దారులవుతాయి.

మన సంఘాలలో అనేకం ఇంకా మొదటి తరం నాయకుల చేతుల్లోనే ఉన్నాయి. కష్టపడి స్థాపించినవారిని మనం గౌరవించాలి. అయితే పదవీకాలం ఎంత, లెక్కలు ఎవరికి చూపాలి, తరువాత ఎవరు అనే ప్రశ్నలను వారు ఉండగానే తేల్చుకోవాలి. వారు లేని రోజున అవి కోర్టు గుమ్మం ఎక్కకూడదు. సంఘం ప్రభువుదైతే, కుర్చీ ఖాళీ చేయడం ఓటమి కాదు. అది కూడా పరిచర్యే.