మసక

వెలుతురు పూర్తిగా ఆరిపోకుండానే రూపాల అంచులు చెదిరిపోయే స్థితిని చెప్పే 'మసక' దేశ్యపదం. కన్నడ 'మసుకు', మునిమాపును తెలిపే తమిళ 'మసంగల్' దీనికి జ్ఞాతులు. మసకచీకటిలో లోపం వెలుతురుది, కళ్లు మసకబారినప్పుడు చూపుది. ఆర్థోకెరటాలజీలో, అనగా రాత్రి నిద్రలో ధరించే గట్టి లెన్సుతో కార్నియా (కనుపాప ముందుండే పారదర్శక పొర) నడిభాగాన్ని తాత్కాలికంగా చదునుచేసి హ్రస్వదృష్టిని సరిదిద్దే పద్ధతిలో, లోపం ఎక్కడిదో ఈ ఒక్క మాట చెప్పదు. అమెరికా 2002లో రాత్రి వాడకానికి అనుమతించిన ఈ లెన్సులతో ఉదయం చక్కగా కనిపించి సాయంత్రానికి మసకబారితే, నిద్ర చాలకనో లెన్సు బిగింపు సరిపడకనో కార్నియా పాత వంపుకు మళ్లుతున్నదని, లేవగానే మసకగా ఉండి దీపం చుట్టూ నీడబొమ్మ కనిపిస్తే లెన్సు రాత్రి పక్కకు జరిగిందని అనుమానించాలి. కుడిఎడమల లెన్సులు తారుమారైనా ఇంతే, ఇది వినడానికి చిన్నదే గాని తొలుత చూడవలసినది. కృష్ణా కాలువ నీరైనా కుళాయి నీరైనా లెన్సుకు తగలరాదు, అందులోని అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను పుండు చేయగలదు. మసకకు ఎరుపు, నొప్పి తోడైతే లెన్సు మానేసి, విజయవాడ చేరువలోని తాడిగడప ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ వంటి కంటి ఆసుపత్రికి ఆ రోజే వెళ్లవలసి ఉంటుంది.