యంత్రములో మన అంకెలు



నిజాము ప్రభుత్వకాలమున శేరిలింగంపల్లివంటి పల్లెలలోని రైతునకు మూఁడు రూపముల అంకెలు కనఁబడుచుండెడివి. హాలీసిక్కా నాణెముపై సంవత్సరము పారసీక రూపమున నుండెను. షావుకారు చిట్టాలో తెలుఁగు అంకెలుండెను. 1874లో ఈ ప్రాంతముమీఁదుగా వాడి, సికిందరాబాదుల నడుమ రైలు వచ్చినది. దానితో ఆంగ్లపుటంకెలును వచ్చినవి. రూపములు మూఁడు; విలువ యొక్కటియే. స్థానమునుబట్టి విలువ మాఱెడి ఆ లెక్క మన దేశమునఁ బుట్టి, అరబ్బుల చేతిమీఁదుగా ఐరోపా చేరినది.

1949లో రాజ్యాంగసభయందు ఈ రూపములఁగూర్చియే పెద్ద వాదము జరిగినది. హిందీతోఁబాటు నాగరి అంకెలుండవలెనని కొందఱు, లోకమంతటను వాడుకలోనున్న రూపముండవలెనని కొందఱు పట్టుపట్టిరి. తుదకు 343వ అధికరణమునఁ గేంద్రప్రభుత్వ వ్యవహారములకు “భారతీయాంకముల అంతర్జాతీయ రూపము” నిర్ణయింపఁబడినది.

1998 నవంబరు 22వ తేదీన ఈ మండలములోని మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమైనది. నాఁటినుండి ఈ నేల కంప్యూటర్లకు నెలవైనది. ఆ యంత్రమునకు అక్షరపు ఆకృతి తెలియదు, సంఖ్య మాత్రమే తెలియును. కావునఁ బ్రతి యక్షరమునకు, ప్రతి యంకెకు ఒక సంఖ్యను పీఠముగా నేర్పఱచిరి. 1991 నాఁటి భారతీయ ప్రమాణమైన “ఇస్కీ”లో నాగరి సున్నకును తెలుఁగు సున్నకును ఒకటే పీఠము, 241. ఏ లిపియో వేఱుగాఁ జెప్పవలసియుండెను. ఆ సంవత్సరమే వెలువడిన “యూనికోడు” ప్రతి లిపికిని వేఱువేఱు వరుస నిచ్చినది. ఆంగ్లపుటైదు 53, ఉర్దూ ఐదు 1781, నాగరి ఐదు 2411, తెలుఁగు ఐదు 3179. తెలుఁగు సున్న 3174. ఐదు పీఠమునుండి సున్న పీఠమును దీసివేయుఁడు, మిగులునది ఐదే. ఈ లిపులన్నింటను ఇదే తీరు. సభలో జరిగిన తగవు యంత్రములో నిట్లు తీఱినది. ఎవరి రూపము వారిది, విలువ యందఱిది.

అయితే ఒక జాగ్రత్త యవసరము. మనము సున్న యనునది రెండు కలవు. అంకెలలోని సున్న యొకటి, అక్షరముల ప్రక్క నుంచు పూర్ణబిందువు వేఱొకటి. కంటికి రెండును వలయములే. యంత్రమునకు మొదటిది 3174, రెండవది 3074. సరిగా నూఱు తేడా! భూమి సర్వే నంబరు ౧౦౫ అని వ్రాయవలసినచోట లేఖకుఁడు పూర్ణబిందువు నుంచెనేని, కాగితముపైఁ దప్పు కనఁబడదు. కాని వెదకినప్పుడు యంత్రము “ఆ నంబరు లేదు” అనవచ్చును. పొలమున్నది, పత్రమున్నది, దొరకుట లేదు! కావునఁ దెలుఁగంకెలతో దస్తావేజు సిద్ధముచేయించువారు సున్న యెట్లు కొట్టిరో యడిగి తెలిసికొనుట మేలు.

మఱియొక సంతోషవార్త. పూర్వపు లెక్కలలో నిలువుగీఁతలు పాతిక, అర, ముప్పాతికలను, అడ్డగీఁతలు వీసములను దెలుపుచుండెను. పాతికలో నాలుగవవంతు వీసము. నాలుగేసి వంతులుగా సాగు ఈ భిన్నముల గుర్తులకును, ధాన్యముఁ గొలుచు తూము గుర్తునకును 2008లో యూనికోడున స్థానము లభించినది. వాడుక తప్పిన గుర్తులకు సైతము ప్రపంచమంతటి యంత్రములలోఁ జోటు దొరకినది!

కాని పీఠము వేసినంతమాత్రమున అతిథి వచ్చునా? గీఁతను యంత్రము దాఁచఁగలదు. ఆ గీఁతతో మీ తాతగారు ఏ చేని పంటను ఎవరికిఁ బంచిరో చెప్పఁగలవారు మీరే. మీ యింటి అటుకపై పాత చిట్టా యున్నచోఁ జెదలకు విడువకుఁడు. మనుమని ప్రక్కఁ గూర్చుండఁబెట్టుకొని ఒక పుట చదివి వినిపింపుఁడు. వాఁడు దానిని యంత్రమున నెక్కించును. చదువ నేర్చినవారు పోయినపిదప మిగులునది గీఁతయే కాని లెక్క కాదు.