మూతి నుంచి దట్టించే తుపాకి – గొట్టంలో ఇరుక్కున్న కడ్డీ కథ

పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ యుద్ధరంగాన్ని, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాల మ్యూజియాన్ని చూడడానికి మన కుటుంబాలు వెళుతూనే ఉంటాయి. పెద్ద ఫిరంగుల ముందు అందరమూ ఆగుతాం. అంతర్యుద్ధం నాటి సిపాయి సామాగ్రిలో ఉండే ఒక చిన్న ఇనుప పనిముట్టును మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది రెండు కొసలు మెలితిరిగి, సీసా బిరడా తీసే మరలా ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని 'వర్మ్' అంటారు, అంటే పురుగు. బావిలో పడిన బొక్కెనను పైకి తీయడానికి మన ఊళ్ళలో కొక్కేల గుత్తి ఉండేది, కొన్ని చోట్ల దాన్ని పాతాళగరిగ అనేవారు. బావికి పాతాళగరిగ ఎటువంటిదో, ఆనాటి తుపాకికి ఈ పురుగు అటువంటిది. గొట్టంలో చిక్కుకున్నదాన్ని బయటికి తీయడమే దాని పని. ఈ చిన్న పనిముట్టు చరిత్రను పాఠకుల ముందు పెట్టాలని మేము తలచాము.

ముందుగా ఆ తుపాకి ఎలా ఉండేదో చెప్పుకోవాలి. దాని గొట్టానికి ఒకవైపే నోరు. రెండో కొసను మరలున్న బిరడాతో గట్టిగా మూసేస్తారు. అక్కడ నిప్పు వెళ్ళడానికి సన్నని రంధ్రం మాత్రం ఉంటుంది. మందు, గుండు, శుభ్రం చేసే గుడ్డ అన్నీ మూతి నుంచే లోపలికి పోవాలి, వచ్చేవీ మూతి నుంచే రావాలి. మన ఏజెన్సీ ప్రాంతాల నాటు తుపాకులు కూడా ఈ జాతివే.

ఆనాటి తుపాకి మందులో సుమారు 75 పాళ్ళు సూరేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం ఉండేవి. అది కాలినప్పుడు సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత తెల్లని పొగగా బయటికి పోతుంది, కొంత మసిగా గొట్టం గోడలకు పట్టుకుంటుంది. ఆ మసిలోని లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొన్ని గుండ్లు కాల్చేసరికి లోపల పెచ్చు కడుతుంది, అలాగే వదిలేస్తే ఇనుము తుప్పు పడుతుంది. కనుక పని ముగిశాక వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించడం సిపాయికి నిత్యవిధి.

కడగడానికి ఉన్న సాధనం మందు దట్టించే కడ్డీయే. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతంలో జర్మన్ కమ్మరులు చేసిన పొడుగు రైఫిళ్ళకు హికరీ కర్రతో చేసిన కడ్డీలుండేవి. కెంటకీ రైఫిల్ అని పేరు మోసినవి ఇవే. కర్ర గొట్టం లోపలి గాళ్ళను గీయదు కాని ఏటవాలుగా విరుగుతుంది. ప్రష్యా సైన్యం ఆ శతాబ్దం మొదటి భాగంలోనే ఇనుప కడ్డీలకు మారింది. అమెరికన్ అంతర్యుద్ధం నాటికి సైనిక తుపాకులకు ఉక్కు కడ్డీలే. కడ్డీ కొసన మరలుంటాయి. వాటికి వర్మ్ బిగించి, నార పీచో గుడ్డపీలికో చుట్టి లోపలికి దింపుతారు. గుండును తీయవలసి వస్తే 'బాల్ స్క్రూ' అనే వేరే ముక్కను బిగిస్తారు. దాని మొన చెక్కకు కొట్టే స్క్రూలా ఉండి మెత్తని సీసంలోకి దిగుతుంది.

చిక్కు వచ్చేది ఇక్కడే. పొడిగుడ్డ మందంగా చుట్టి దింపితే మసిని తోసుకుంటూ అడుగుకు పోతుంది. వెనక్కి లాగేటప్పుడు గుడ్డ ముడుచుకుపోయి, పెచ్చుకూ కడ్డీకీ మధ్య చీలలా బిగుస్తుంది. లాగినకొద్దీ ఇంకా బిగుస్తుంది. మరీ బలంగా లాగితే కర్ర విరగవచ్చు, లేదా మరలు జారి ఇనుప ముక్క అడుగునే ఉండిపోవచ్చు. కండబలం చాలదని నేర్పే సందర్భాలలో ఇదొకటి.

దీనికి మొదటి వైద్యం ఓర్పు. మూతి నుంచి సబ్బునీళ్ళో నూనెనో పోసి నానబెడితే పెచ్చు కరిగి పట్టు సడలుతుంది. దానితోనూ రాకపోతే, అడుగున ఉన్న నిపిల్‌ను విప్పి ఆ రంధ్రం గుండా చిటికెడు మందు ఎక్కించి, నిపిల్ మళ్ళీ బిగించి, కేపు పెట్టి పేల్చడం రెండో మార్గం. ఇది పాతకాలం నుంచీ వాడుకలో ఉన్నదే కాని ప్రమాదకరమైనది. ఇరుక్కున్న వస్తువు అడుగుకు ఆనుకుని కాక గొట్టం నడుమ ఉండి, మందుకూ దానికీ మధ్య ఖాళీ ఉంటే, గొట్టం ఉబ్బవచ్చు, పగలనూ వచ్చు. బయటికి వచ్చే కడ్డీ బాణమై దూసుకుపోతుంది. మూడోది అడుగు బిరడానే విప్పడం. అది ఆయుధశాలలోని పనివాడు చేయవలసిన పని, సిపాయికి దాన్ని తాకే అనుమతి లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. లోపల మందు, గుండు ఉన్నాయా? చూస్తే కనపడదు. సైన్యంలో దీనికి చక్కని పరీక్ష ఉండేది. తనిఖీ వేళ ఉక్కు కడ్డీని ఖాళీ గొట్టంలోకి జారవిడిస్తే అడుగు తగిలి ఖంగుమని మోగాలి. మొద్దు శబ్దం వస్తే లోపల ఏదో ఉన్నట్టే. కొందరు కడ్డీ మీద గీత పెట్టుకునేవారు. ఆ గీత మూతికి పైన ఆగితే గొట్టం ఖాళీగా లేదని అర్థం.

ఈ పరీక్ష ఎందుకు అవసరమో గెటిస్‌బర్గ్ చెబుతుంది. 1863 జూలై 1 నుంచి 3 వరకు అక్కడ యుద్ధం జరిగింది. తరువాత రణరంగంలో ఏరి పంపిన తుపాకులు 27,574 అనీ, వాటిలో సుమారు 24,000 దట్టించి ఉన్నాయనీ నాటి నివేదిక చెబుతుంది. దట్టించిన వాటిలో దాదాపు సగం తుపాకుల్లో రెండేసి దట్టింపులు, పావు వంతులో మూడు నుంచి పది వరకు ఉన్నాయట. ఒకదానిలో ఇరవైమూడు. కేపు పేలలేదనో, అసలు కేపే పెట్టలేదనో ఆ హోరులో, పొగలో గమనించని సిపాయి ఒకదాని మీద ఒకటి దట్టిస్తూనే ఉన్నాడు. హార్డీ కవాతు గ్రంథంలో దట్టింపును తొమ్మిది అంచెలుగా నేర్పేవారు. చేతులకు ఆ తొమ్మిదీ వచ్చు. కాని తుపాకి పేలిందా లేదా అని చూడవలసిన మనసు భయంతో మొద్దుబారింది. ఇది పిరికితనమని కొందరు, చంపడానికి మనసు ఒప్పలేదని మరికొందరు వ్యాఖ్యానించారు. మాకు మాత్రం అంకెల వెనక పల్లెల నుంచి వచ్చిన కుర్రవాళ్ళు కనిపిస్తారు. యుద్ధం తరువాత ఆ వేల గొట్టాలను ఖాళీ చేయవలసిన పనివాళ్ళూ కనిపిస్తారు. లోపల ఎన్ని ఉన్నాయో తెలియని తుపాకిలోకి స్క్రూ దింపడం తేలిక పని కాదు.

మసి కథకు మన దేశంతో రెండు ముడులు ఉన్నాయి. గాళ్ళున్న గొట్టంలో గుండు బిగుతుగా పట్టాలి, కాని దట్టించడానికి వదులుగా ఉండాలి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చినది 1849 ప్రాంతంలో ఫ్రెంచి అధికారి మినియే రూపొందించిన గుండు. అది వదులుగా దిగి, పేలినప్పుడు అడుగుభాగం విచ్చుకుని గాళ్ళను పట్టుకుంటుంది. అమెరికాలో హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జేమ్స్ బర్టన్ దాన్ని సులువు చేశాడు. 1855లో అమెరికా సైన్యం దాన్ని స్వీకరించింది. బ్రిటిషువారి 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ కూడా ఆ సూత్రం మీదనే నడిచింది. అయినా మసి పట్టిన గొట్టంలో గుండు సాఫీగా దిగాలంటే కొవ్వు రాయాలి. ఆ కొవ్వు ఆవుదనీ పందిదనీ వచ్చిన వార్త 1857లో ఉత్తరాది సిపాయిల గుండెల్లో నిప్పు పెట్టింది. తిరుగుబాటుకు కారణాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. కాని నిప్పురవ్వ పడింది ఈ గొట్టం మూతి దగ్గరే. తెలుగువారు ఎందరో ఉన్న మద్రాసు సైన్యం అందులో చాలావరకు కలవలేదు. నాలుగేళ్ళ తరువాత అదే ఎన్‌ఫీల్డ్ తుపాకులు లక్షల సంఖ్యలో అమెరికా చేరి, ఉభయపక్షాల చేతుల్లోనూ పేలాయి.

రెండో ముడి సూరేకారం. 1861లో ఉత్తరాది ప్రభుత్వం కోసం డ్యూపాంట్ కుటుంబంలోని లామట్ డ్యూపాంట్ లండన్‌లో పెద్దఎత్తున సూరేకారం కొన్నాడు. అది ముఖ్యంగా బెంగాలు, బీహారు మట్టిలో పుట్టిన సరుకు. ట్రెంట్ ఓడ వివాదంతో ఆ శీతకాలంలో ఎగుమతి ఆగిపోయి, వివాదం తీరాక కదిలింది. గెటిస్‌బర్గ్ గొట్టాలలో పట్టిన మసిలో మన మట్టి పాలు కూడా ఉందనవచ్చు.

యుద్ధం ముగిశాక ఈ తుపాకుల కాలం తీరింది. 1865 నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఎర్స్‌కిన్ ఆలిన్ పాత తుపాకులను వెనకనుంచి దట్టించేవిగా మార్చాడు. బ్రిటిషువారు 1866లో స్నైడర్ పద్ధతిలో ఎన్‌ఫీల్డులను అలాగే మార్చారు. గొట్టానికి రెండు నోళ్ళు వచ్చాయి. ఇరుక్కున్నదాన్ని రెండోవైపు నుంచి నెట్టవచ్చు, వెలుతురుకు పెట్టి లోపల చూడవచ్చు. వర్మ్ అవసరం చాలావరకు తీరింది.

అయినా విద్య చచ్చిపోలేదు. 1933లో ఏర్పడిన జాతీయ మజిల్ లోడింగ్ రైఫిల్ సంఘం ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ గ్రామంలో నేటికీ పోటీలు జరుపుతున్నది. వారిలో ఇప్పుడు వాడుకలో ఉన్న ఒక ఉపాయం మనలోని ఇంజనీర్లకు నచ్చుతుంది. నిపిల్ తీసి, అదే మరలున్న గ్రీజు మూతిని బిగించి, కార్లకు వాడే గ్రీజు గన్నుతో గ్రీజు ఎక్కిస్తారు. ద్రవం వాయువులా నొక్కుకుపోయి ఒక్కసారిగా విచ్చుకోదు. అందుచేత ఇరుక్కున్న కడ్డీ పేలుడు లేకుండా అంగుళం అంగుళంగా మూతివైపు నడిచి వస్తుంది. తరువాత గ్రీజు కడుక్కోవడమే శ్రమ. ఎవరైనా తాతల నాటి తుపాకిని గోడకు తగిలించుకుని ఉంటే, లోపల ఏముందో తెలియకుండా ఏ ప్రయోగమూ చేయక, తెలిసిన తుపాకి మరమ్మతుదారుకు చూపించమని మా మనవి. నూరేళ్ళనాటి దట్టింపు కూడా పొడిగా ఉంటే పేలగలదు.

ఏ యంత్రం చరిత్రనైనా అది పనిచేసిన వేళలతోనే కొలవడం మనకు అలవాటు. అది మొరాయించిన వేళ దానిని వాడినవారు ఏం చేశారో చూస్తే మనుషులు మరింత దగ్గరగా తెలుస్తారు. గొట్టం ఎప్పుడో ఒకప్పుడు చిక్కుపడుతుందని ముందే ఎరిగి, తుపాకితోపాటు వర్మ్‌ను కూడా చేసి ఇచ్చినవారిది దూరదృష్టి. ఆ పనిముట్టును తీసుకుని, తొందరపడక, నానబెట్టి, మెల్లగా తిప్పిన సిపాయి తన వేళ్ళనూ తుపాకినీ రెండింటినీ దక్కించుకున్నాడు.