రెండు నిబంధనలు: విశ్వవిద్యాలయ పరిశోధనలో ఓపెన్ యాక్సెస్ చరిత్ర

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009లో వెలువరించిన ఎం.ఫిల్., పిహెచ్.డి. నిబంధనావళి తెలుగు శాఖలకు కొత్త కాదు. ప్రవేశ పరీక్ష, కోర్సు వర్క్, పర్యవేక్షకుని కింద ఉండదగిన పరిశోధకుల సంఖ్య వంటి అంశాల మీద అప్పట్లో శాఖాసమావేశాలలో చాలా చర్చ జరిగింది. అదే పత్రంలో ఉన్న మరి రెండు అంశాల మీద అంత చర్చ జరగలేదు. పట్టా ప్రకటించిన ముప్పై రోజులలోగా సిద్ధాంత గ్రంథం సాఫ్ట్ కాపీని యూజీసీకి పంపాలనీ, దానిని ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా అన్ని విద్యాసంస్థలకూ అందుబాటులో ఉంచాలనీ ఒకటి చెబుతుంది. సిద్ధాంత గ్రంథం సమర్పించేలోగా పరిశోధకుడు రెఫరీడ్ జర్నల్‌లో ఒక వ్యాసం ప్రచురించాలని రెండవది చెబుతుంది. రుజువుగా అచ్చయిన ప్రతి గాని, పత్రిక పంపిన అంగీకార పత్రం గాని చూపవచ్చు. ఒకే పత్రంలో పుట్టిన ఈ రెండు నిబంధనలు పదిహేనేళ్లలో పూర్తిగా భిన్నమైన ఫలితాలకు దారితీశాయి. కారణం తెలియాలంటే ఓపెన్ యాక్సెస్ అనే భావన ఎక్కడ పుట్టిందో, ఎక్కడ రెండుగా చీలిందో చూడాలి.

పత్రిక, ధర, పాఠకుడు

1665లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ లండన్‌లో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ ప్రారంభించినప్పటి నుంచీ పరిశోధన పత్రికకు ఒక విశిష్ట లక్షణం ఉంది. అందులో రాసేవారికి పారితోషికం ఉండదు. నవలాకారుడు, పాత్రికేయుడు రచనను అమ్ముకుంటారు, పరిశోధకుడు ఇచ్చివేస్తాడు. ఫలానా విషయం మొదట చెప్పింది తానేనన్న గుర్తింపే అతనికి దక్కే ప్రతిఫలం. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత విశ్వవిద్యాలయాలూ వాటి గ్రంథాలయాలూ విస్తరించిన కాలంలో వాణిజ్య ప్రచురణకర్తలు ఈ లక్షణాన్ని ఆధారం చేసుకుని పెరిగారు. రాబర్ట్ మాక్స్‌వెల్ నెలకొల్పిన పెర్గమాన్ ప్రెస్ అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1991లో అది ఎల్సెవియర్ చేతికి వచ్చింది. ప్రజాధనంతో జీతం తీసుకునే ఆచార్యుడు రాస్తాడు, మరొక ఆచార్యుడు ప్రతిఫలం లేకుండా పరిశీలిస్తాడు, చివరకు అదే విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆ వ్యాసాన్ని చందా కట్టి తిరిగి కొంటుంది. ఈ ఏర్పాటు అంతకాలం ప్రశ్నకు గురికాకుండా సాగడమే ఆశ్చర్యం.

అదే 1991 ఆగస్టులో అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో భౌతికశాస్త్రవేత్త పాల్ గిన్స్‌పార్గ్ ఒక కంప్యూటరులో వ్యాసాల భాండారం ప్రారంభించాడు. దానికే తరువాత ఆర్కైవ్ అన్న పేరు స్థిరపడింది. అచ్చుకు ముందే వ్యాసం నకళ్లను తపాలాలో పంచుకోవడం భౌతికశాస్త్రవేత్తలకు అప్పటికే అలవాటు. గిన్స్‌పార్గ్ ఆ అలవాటును తీసుకెళ్లి అందరికీ కనిపించేచోట పెట్టాడు, అంతే. రచయిత డబ్బు కట్టలేదు, పాఠకుడూ కట్టలేదు, పత్రికలూ మూతపడలేదు.

ఓపెన్ యాక్సెస్ అన్న మాటకు నిర్వచనం 2001 డిసెంబరులో బుడాపెస్ట్‌లో జరిగిన సమావేశం నుంచి వచ్చింది. 2002 ఫిబ్రవరి 14న వెలువడిన ఆ ప్రకటన ప్రకారం పండిత పరిశీలన పొందిన వ్యాసాన్ని ఎవరైనా చదవవచ్చు, దించుకోవచ్చు, నకలు తీయవచ్చు, పంచవచ్చు, అందులో వెతకవచ్చు. రచయితకు మిగిలే హక్కు తన రచన చెడకుండా ఉండటం, తన పేరు సరిగా ఉటంకించబడటం. లక్ష్యసాధనకు ప్రకటన రెండు మార్గాలు చూపింది. రచయిత తన వ్యాసం ప్రతిని ఒక బహిరంగ భాండారంలో నిక్షేపించడం ఒకటి, చందా లేని కొత్త పత్రికలు స్థాపించడం మరొకటి. ఆ పత్రికల ఖర్చుకు ప్రభుత్వాలు, ధర్మసంస్థలు, విశ్వవిద్యాలయాలు మొదలైన ఆధారాలను పేర్కొంటూ, రచయితల సొమ్మును జాబితా చిట్టచివర ఉంచింది.

చివర ఉన్నది త్వరలోనే ముందుకు వచ్చింది. 2003లో ‘ప్లాస్ బయాలజీ’ ప్రారంభమైనప్పుడు ఒక వ్యాసానికి రుసుము 1,500 డాలర్లు. 2021లో ‘నేచర్’ పత్రిక ఓపెన్ యాక్సెస్ వ్యాసానికి నిర్ణయించిన రుసుము 9,500 యూరోలు. చందా గోడ పాఠకుడి ముందు నుంచి లేచి రచయిత ముందు నిలిచింది. ఇది అనివార్యమేమీ కాదు. బ్రెజిల్ 1990ల చివర ప్రారంభించిన సైయెలో ప్రజాధనంతో వందలాది పత్రికలను పోర్చుగీసు, స్పానిష్ భాషలలోనూ అందరికీ తెరిచింది. స్వభాషలో పరిశోధన రాసే సమాజాలకు లండన్, న్యూయార్క్ నమూనాల కంటే ఈ నమూనాయే దగ్గర. అయినా మన చర్చల్లో సైయెలో ప్రస్తావన అరుదు.

నిక్షేప మార్గం

భారతదేశంలో తొలి అడుగులు నిక్షేప మార్గంలోనే పడ్డాయి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2002లో తన భాండారాన్ని ప్రారంభించింది. హైదరాబాదు శివార్లలోని పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ 2009లో తన శాస్త్రవేత్తల వ్యాసాలను బహిరంగంగా నిక్షేపించడం తప్పనిసరి చేసింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి ప్రేరణతో రూపుదిద్దుకున్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఒక ముఖ్య కేంద్రం. వేలాది పాత తెలుగు పుస్తకాలు ఆ కేంద్రాల స్కానర్ల కిందికి వచ్చాయి. ఆ జాలస్థలి తరువాత మూతపడ్డా, స్వచ్ఛంద కార్యకర్తలు ముందుగానే వేరేచోట భద్రపరచిన ప్రతుల వల్ల తెలుగు పరిశోధకులు నేటికీ ఆ పుస్తకాలు చదవగలుగుతున్నారు. నకలు తీయనివ్వడం వల్ల కలిగే మేలుకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు.

2009 నిబంధనల్లో మొదటిది ఈ సంప్రదాయానికి చెందినది. దాని ఫలితమే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధగంగ. నేడు అందులో ఐదు లక్షలకు పైగా సిద్ధాంత గ్రంథాలున్నాయి. అంతకుముందు ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన మరొక విశ్వవిద్యాలయానికి తెలియాలంటే ఎవరో ఒకరు రైలెక్కి వెళ్లి, గ్రంథాలయాధికారి అనుమతితో బీరువా తెరిపించుకుని, చేత్తో రాసుకుని రావలసి ఉండేది. ఒకే అంశం మీద రెండుచోట్ల పరిశోధనలు జరగడం అందువల్లనే. శోధగంగ విజయరహస్యం సాంకేతికత కాదు. నిక్షేపం పట్టాకు ముడిపడిన విధి. దానికి రుసుము లేదు, దాని వల్ల ఎవరికీ అదనపు మార్కులూ రావు. అందువల్ల దాని చుట్టూ అంగడి వెలవలేదు.

అయితే తెలుగు సిద్ధాంత గ్రంథాల విషయంలో ఈ విజయం సగమే. వాటిలో చాలా భాగం స్కాన్ చేసిన బొమ్మలు. మరికొన్ని అను వంటి పాత పద్ధతి ఫాంట్లలో కూర్చినవి. కంటికి తెలుగు కనిపిస్తుంది, లోపల ఉన్నది రోమన్ సంకేతాలు. ‘యక్షగానం’ అని వెతికితే యక్షగానం మీద రాసిన గ్రంథమే దొరకకపోవచ్చు. భావచౌర్యాన్ని పట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఆ పుటలను చదవలేదు. యూనికోడ్ తొలి రూపంలోనే, అంటే 1991లోనే, తెలుగు లిపికి స్థానం దక్కింది. గిన్స్‌పార్గ్ భాండారమూ అదే ఏడాదిదని గుర్తు చేసుకుంటే ఈ ఆలస్యానికి సాంకేతిక కారణం చెప్పడం కష్టం. యూనికోడ్‌లో కూర్చిన ప్రతినే స్వీకరిస్తామని శాఖలు పట్టుపట్టకపోవడమే అసలు కారణం.

అంగీకార పత్రం

రెండవ నిబంధన చరిత్ర వేరు. వ్యాసం తప్పనిసరి అన్నారు. రెఫరీడ్ జర్నల్ అంటే ఏమిటో, తెలుగులో అవి ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్క చూడలేదు. మరుసటి ఏడాది, 2010లో, అధ్యాపకుల నియామకం, పదోన్నతి నిబంధనలలో ప్రచురణలకు పాయింట్లు వచ్చాయి. రెఫరీడ్ జర్నల్‌లో వ్యాసానికి 15, రెఫరీడ్ కాకపోయినా ఐఎస్‌ఎస్‌ఎన్ కలిగిన పేరున్న పత్రికలో వ్యాసానికి 10. ఐఎస్‌ఎస్‌ఎన్ ఒక పత్రికను మరొకదాని నుంచి గుర్తుపట్టడానికి ఇచ్చే సంఖ్య మాత్రమే, గుణానికి ముద్ర కాదు. అయినా ముఖపత్రం మీది ఆ ఎనిమిది అంకెలే గౌరవచిహ్నంగా మారాయి.

అవసరం ఉన్నచోట అమ్మకందారు ఉంటాడు. వ్యాసం చదవకుండానే నాలుగు రోజుల్లో అంగీకార పత్రం పంపి రుసుము వసూలు చేసే పత్రికలు దేశమంతటా పుట్టుకొచ్చాయి. షెన్, బ్యోర్క్ 2015లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం ఇటువంటి పత్రికల్లో 2010లో వెలువడిన వ్యాసాలు దాదాపు 53 వేలు. 2014 నాటికి అవి 4 లక్షల 20 వేలు. ఆ ప్రచురణకర్తల్లో నాలుగో వంతుకు పైగా భారతదేశంలోనే ఉన్నట్లు వారు గుర్తించారు. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన దావాలో అక్కడి న్యాయస్థానం 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు చెప్పింది. ఇవన్నీ తమను ఓపెన్ యాక్సెస్ పత్రికలనే పిలుచుకున్నాయి. దాంతో ఆ మాటకే మచ్చ పడింది. ఓపెన్ యాక్సెస్ అంటే డబ్బు కట్టి వేయించుకునేదన్న అభిప్రాయం శాఖల్లో నేటికీ వినిపిస్తుంది.

యూజీసీ వేసిన మందు జాబితాలు. 2017లో ఆమోదిత పత్రికల జాబితా వచ్చింది. అందులో విశ్వవిద్యాలయాలు సూచించిన పత్రికలను భూషణ్ పట్వర్ధన్ తదితరులు పరిశీలించి, 88 శాతానికి పైగా నాసిరకమని ‘కరెంట్ సైన్స్’లో తేల్చారు. 2018 మేలో 4,305 పత్రికలను తొలగించారు. తరువాత కేర్ జాబితా వచ్చింది, 2025లో అదీ రద్దయింది. వ్యాసం తప్పనిసరి అన్న నిబంధన 2022 నాటి కొత్త నిబంధనావళితోనే పోయింది. ఈ మార్పుల మధ్య నలిగినవారు నిజాయితీగా రాసిన పరిశోధకులు. జాబితాలో ఉన్నప్పుడు వ్యాసం అచ్చయిన పత్రిక ఇంటర్వ్యూ నాటికి జాబితాలో లేకపోతే, పనిలో మార్పేమీ లేకపోయినా లెక్కలో ఆ వ్యాసం లేనట్లే.

తెలుగు వ్యాసం ఎక్కడుంది

2025 జనవరి నుంచి అమలైన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు 6,300 పైగా ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. మేలే, ఒక జిల్లా కేంద్రపు ప్రభుత్వ కళాశాలలోని రసాయనశాస్త్ర అధ్యాపకునికి ఇది చాలా పెద్ద మేలు. కాని ఇది చందాయే, ఓపెన్ యాక్సెస్ కాదు. పదవీ విరమణ చేసిన ఆచార్యునికి, ప్రైవేటు కళాశాల అధ్యాపకునికి, ఊళ్లో కూర్చుని శాసనాలు చదివే స్వతంత్ర పరిశోధకునికి ఆ తలుపు తెరుచుకోదు. తెలుగు సాహిత్య పరిశోధనకు కావలసిన పత్రికలు ఆ అంతర్జాతీయ సంస్థల దగ్గర లేనేలేవు.

తెలుగు వ్యాసాన్ని తెరవడానికి 6,000 కోట్లు అక్కరలేదు. 1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం రచయిత సంతకంతో రాతపూర్వకమైన పత్రం లేకుండా హక్కుల బదిలీ చెల్లదు. బదిలీ చేసినా కాలపరిమితి పేర్కొనకపోతే అది ఐదేళ్లు మాత్రమే. విశ్వవిద్యాలయ తెలుగు పత్రిక రచయితతో అటువంటి పత్రం రాయించుకోనిచోట వ్యాసం మీద హక్కు రచయితదే. దానిని తన సంస్థ భాండారంలో ఉంచడానికి అతడు ఎవరినీ అడగనక్కరలేదు. లోపించింది చట్టం కాదు, అలవాటు.

ఒకప్పుడు ఆ అలవాటు మరో రూపంలో ఉండేది. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు స్థాపించిన ‘భారతి’లో వేటూరి ప్రభాకరశాస్త్రి, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారి పరిశోధన వ్యాసాలు కథల పక్కన, కవితల పక్కన అచ్చయ్యాయి. వాటిని పండితులతోపాటు పల్లెటూరి గ్రంథాలయానికి వచ్చిన పాఠకుడూ చదివాడు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికల సంచికలను డిజిటలీకరించాక ఆ పుటలు మళ్లీ బయటకు వచ్చాయి. 1950లో మరణించిన ప్రభాకరశాస్త్రి రచనల మీద కాపీరైటు 2010తో, 1963లో మరణించిన సోమశేఖరశర్మ రచనల మీద 2023తో ముగిసింది. వారి వ్యాసం నేడు ఎవరైనా ఏ ఊరిలో ఉన్నా దించుకుని చదవవచ్చు. నిరుడు ఒక విశ్వవిద్యాలయ తెలుగు పత్రికలో అచ్చయిన వ్యాసం కావాలంటే మాత్రం, సంపాదకునికి ఫోన్ చేసి మిగిలిన ప్రతులున్నాయా అని అడగవలసిన పరిస్థితి చాలాచోట్ల ఇంకా ఉంది.